నర్మెట్ట పాల మిషన్, నాలుగు డీబగ్ పిన్నులు

2022 వేసవి. జనగామలో నా రిపేరు దుకాణానికి అప్పటికి ముప్పై ఒకటో ఏడు. మోటారు స్టార్టర్లు, స్టెబిలైజర్లు, పత్తి కాంటాలతో మొదలైన పని చివరి పదేళ్లలో కంట్రోల్ బోర్డుల మీదికి మళ్లింది. యంత్రం ఎప్పుడు నడవాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించే చిన్న ఎలక్ట్రానిక్ పలకను కంట్రోల్ బోర్డు అంటాం. దాని నడుమ వేలిగోరంత నల్లటి చిప్ ఒకటి ఉంటుంది. అదే మైక్రోకంట్రోలర్. లెక్క చేసే భాగం, జ్ఞాపకం, నడిపించే ప్రోగ్రామ్ అన్నీ ఆ గోరంత స్థలంలోనే ఉంటాయి.

వచ్చిన ప్రతి బోర్డు గురించీ దుకాణం మూసేముందు డైరీలో రాయడం నాకు మొదటి నుంచీ అలవాటు. ఎవరిది, ఏం లోపం, ఏ చోట ఎన్ని వోల్టులు, దేనితో బాగైంది. ఈ కేసు రాయడానికి ఆ ఏడాది డైరీ తీసి ముందు పెట్టుకున్నాను. చదువుతుంటే సిగ్గేసింది. బోర్డుల గురించి ఉన్నదెంతో, ఓదెలు గురించి ఉన్నదీ అంతే.

ఓదెలుది చిట్యాల దగ్గరి ఊరు. మీసాలు వచ్చే వయసులో ఇద్దరం హనుమకొండలో ఒకే ఉస్తాద్ దగ్గర రేడియో రిపేరు నేర్చుకున్నాం. తర్వాత అతనికి భూపాలపల్లి బొగ్గు బావుల్లో ఎలక్ట్రికల్ పని దొరికింది. నేను జనగామలో దుకాణం పెట్టాను. ఎప్పుడో ఏ పెళ్లిలోనో కలిసేవాళ్లం. అప్పుడు నాకు అతని మీద ఏ అసూయా లేదు. అతను నెలజీతగాడు, నేను నా దుకాణానికి యజమానిని. ఉద్యోగం నుంచి దిగిపోయాక అతను మహబూబాబాద్‌లో (మా వాడుకలో మానుకోట) ఇల్లు చూసుకొని, ఊరుకోకుండా బోర్డుల రిపేరు మొదలుపెట్టాడు. అక్కడ మిర్చి నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి, వాటికి నా పనే కావాలి. రెండేళ్లు తిరగకముందే నా గిరాకీలు నా దుకాణంలో నిలబడి నాతోనే అనడం మొదలైంది.

"మానుకోటల ఓదెలు సారు ఉన్నడట గదా. లాప్‌టాప్ పెట్టి చూస్తడట."

"మరి నేనేం పెట్టి చూస్తనే, గుడ్డిదీపం పెట్టి చూస్తనా?" అనేవాణ్ణి.

వాళ్లు నవ్వేవారు. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించేది కాదు.

ఆ ఏడాది జనవరిలో ఒక చుట్టాన్ని చూసే పని పెట్టుకొని మహబూబాబాద్ వెళ్లాను. నిజానికి ఓదెలు పని చూద్దామనే వెళ్లాను. ఊరి బయట కోల్డ్ స్టోరేజీలో పానెల్ ముందు కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి లేచి, "అరే కొమురన్నా, రా రా! పిలగాల్లారా, కుర్సీ ఎయ్యుండ్రి, జనగామ ఉస్తాద్ వచ్చిండు" అన్నాడు. ఆ 'ఉస్తాద్' అన్నది ఎత్తిపొడుపేమోనని నేను తిరుగు రైల్లో కూడా ఆలోచించాను.

అక్కడ రెండు విషయాలు నన్ను కాల్చాయి. మొదటిది ఆ పానెల్ లోపలి తీగలు. ఒక్క తీగ వంకర లేదు. మందపాటి తీగలన్నీ కలిపి పై నుంచి కింది దాకా జడ అల్లినట్టు అల్లాడు. రెండోది బోర్డు మూల ఉన్న నాలుగు పిన్నులు. వరుసగా నాలుగు బంగారు రంగు మొలకలు. వాటికి నాలుగు సన్నటి తీగలు తగిలించి, బొటనవేలంత పరికరం ద్వారా లాప్‌టాప్‌కు కలిపాడు. తెరమీద ఏవో అంకెలు. "గిదో, ఇక్కడ నిలబడ్డది" అని ఒక అంకె చూపించాడు. పావుగంటలో లోపం పట్టేశాడు. నేనైతే ఆ బోర్డును రెండు రోజులు దుకాణంలో పెట్టుకునేవాణ్ణి.

ఆ నాలుగు పిన్నులను నేను చూడక కాదు. 2014 డైరీలో ఒక బోర్డు బొమ్మ గీసి, వాటి పక్కన 'ఖాళీ. పనికిరావు' అని నా చేత్తో రాసి ఉంది. అవి డీబగ్ పిన్నులు. ఒకటి గ్రౌండ్, ఒకటి క్లాక్, ఒకటి డేటా, నాలుగోది బోర్డు ఎన్ని వోల్టుల మీద నడుస్తోందో చెప్పేది. ఫ్యాక్టరీలో చిప్‌కు ప్రోగ్రామ్ ఎక్కించేది వీటి గుండానే. డీబగర్ అనే ఆ చిన్న పరికరాన్ని వీటికి కలిపితే నడుస్తున్న చిప్‌ను ఉన్నచోటే నిలబెట్టవచ్చు. ప్రోగ్రామ్ ఏ మెట్టు మీద ఉందో, జ్ఞాపకంలో ఏ అంకెలున్నాయో చూడవచ్చు. నేను ముప్పై ఏళ్లు తలుపు బయట చెవి పెట్టి లోపల ఏం జరుగుతోందో ఊహిస్తూ బతికాను. ఇతను నిన్నమొన్న వచ్చి తలుపు తీసుకొని లోపలికి వెళ్లాడు.

"నేర్చుకుంటవా అన్నా? ఒక్క పూట పని" అన్నాడు ఓదెలు.

"నాకు తెల్వనిదా ఏంది" అన్నాను.

వచ్చిన వారానికే ఒక డీబగర్ తెప్పించుకున్నాను. మేనల్లుడి పాత లాప్‌టాప్ తీసుకున్నాను. ఫోన్లో వీడియోలు చూశాను. మొదట్లో క్లాక్, డేటా తీగలు అటుదిటు పెట్టి నాలుగు రోజులు వృథా చేశాను. ఎవరినీ అడగలేదు. అడగాల్సిన మనిషి ఒక్కడే, అతన్ని అడగదలుచుకోలేదు.

అదే నెలలో సమ్మక్క పాల మిషన్ సర్వీసుకు వెళ్లాను. నర్మెట్ట దాటాక లోపలికి ఒక ఊరు ఉంది. అక్కడ పాల సేకరణ కేంద్రం సమ్మక్క నడిపేది. ముప్పై ఎనిమిది ఇళ్లవాళ్లు పొద్దునా సాయంత్రం అక్కడ పాలు పోసేవారు. ఆ పాలను చల్లబరిచి ఉంచే ఐదువందల లీటర్ల స్టీలు తొట్టి, దానికొక కంప్రెసర్, పాలు కలియతిప్పే చిన్న మోటారు, వీటిని నడిపే పానెల్. పానెల్ సర్వీసు మొదటి నుంచీ నాదే. ఆ రోజు దాని తీగలన్నీ విప్పి, మూడు గంటలు కూర్చొని, మహబూబాబాద్‌లో చూసినట్టే జడ అల్లాను.

"ఏందన్నా, పెండ్లిపిల్లకు అల్లినట్టు అల్లినవ్!" అని మురిసిపోయింది సమ్మక్క. ఊళ్లో ఆడవాళ్లను పిలిచి మరీ చూపించింది. నేను ఫోటో తీసుకున్నాను.

ఏప్రిల్‌లో మొదటిసారి ఆ మిషన్ ఆగిపోయింది. ఆగిపోయిందని ఎవరికీ తెలియకపోవడమే అసలు ముప్పు. అంకెలు చూపే తెర 4.2 దగ్గర నిలిచిపోయింది. చూసినవాళ్లు పాలు చల్లగానే ఉన్నాయనుకున్నారు. కంప్రెసర్ మాత్రం మళ్లీ లేవలేదు. డెయిరీ ట్యాంకర్ రోజు విడిచి రోజు వచ్చేది. ఆ పొద్దున వచ్చిన మనిషి తన థర్మామీటర్ ముంచితే పదమూడు డిగ్రీలు. వాసన చూసి మూత వేసి వెళ్లిపోయాడు.

నేను వెళ్లి స్విచ్ ఆపి, మళ్లీ వేశాను. అంతా మామూలుగా నడిచింది. మా వృత్తిలో ఇదే మొదటి మందు. అన్ని చోట్లా వోల్టులు కొలిచాను, అన్నీ సరిగానే ఉన్నాయి. అనుమానం మీద ఒక కెపాసిటర్ మార్చి వచ్చాను. పన్నెండు రోజులకు మళ్లీ అదే. తెర మీద 4.0, తొట్టిలో విరిగిన పాలు.

ఈసారి డెయిరీ సూపర్‌వైజర్ సమ్మక్కకు ముఖం మీదే చెప్పి వెళ్లాడు. ఇంకొక్కసారి పాలు తిప్పి పంపాల్సి వస్తే కేంద్రం ఎత్తేసి, తొట్టి పక్క ఊరికి తీసుకుపోతామని. పక్క ఊరంటే నాలుగు మైళ్లు. సగం ఇళ్లవాళ్లకు బండి లేదు. పొద్దున్నే క్యాన్ ఎత్తుకొని నడవలేని వాళ్లు బర్రెలను అమ్ముకోవడమే.

నేను వెళ్లేసరికి సమ్మక్క తొట్టి కడుగుతోంది. తలెత్తకుండానే మాట్లాడింది.

"పాలన్నీ వాకిట్ల పారబోసిన అన్నా. అందరు నిలబడి చూసిన్రు. ఎవ్వలు ఒక్క మాట అనలే. ఏమన్న అంటె బాగుండు."

నేను పానెల్ తలుపు తీస్తుంటే మళ్లీ ఆమే అంది.

"మా వాళ్లు మానుకోట నుంచి ఎవర్నో పిలుద్దామంటున్నరు. లాప్‌టాప్ సారట."

"పిలువు. ఆయన వచ్చి చేసేది గూడ గంతే, స్విచ్ ఆపి ఏస్తడు" అన్నాను. అది అబద్ధమని నాకు తెలుసు. "నాకు వారం రోజులు టైం ఇయ్యి సమ్మక్కా. నా దగ్గర గూడ లాప్‌టాప్ ఉన్నది."

ఆమె నా ముఖంలోకి చూసి, "సరే. నువ్వు ముప్పై ఏండ్ల మనిషివి" అంది. తన బతుకు అంచున ఉండగా ఆమె ఇచ్చిన ఆ వారం నా అసూయకు ఇచ్చిందని ఆమెకు తెలియదు.

బోర్డు మీద ఒక ఆకుపచ్చ లైటు ఉంది. చిప్ ప్రాణంతో ఉన్నంతసేపు సెకనుకోసారి మిణుకుతుంది. అది మిణకడం ఆగితే స్విచ్ ముట్టుకోకుండా నాకు ఫోన్ చేయమని చెప్పాను. ఈలోగా పాలు పాడవకుండా, బోర్డుతో పని లేకుండా కంప్రెసర్‌ను చేత్తో నడిపే స్విచ్ ఒకటి పక్కన బిగించాను. ఎప్పుడూ దాని మీదే నడపలేం. మనిషి థర్మామీటర్ పట్టుకొని పక్కనే నిలబడాలి, ఏమరుపాటున వదిలేస్తే పాలు గడ్డకడతాయి.

ఐదో రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. "అన్నా, లైటు మిణుకుతలేదు!" స్కూటరు మీద లాప్‌టాప్ కట్టుకొని వెళ్లాను. పది పన్నెండు మంది పోగయ్యారు. నాలుగు తీగలు నాలుగు పిన్నులకు తగిలించాను. తెరమీద కనెక్ట్ అన్నచోట నొక్కాను.

పానెల్‌లో టక్‌మని కంప్రెసర్‌ను కలిపే రిలే పడింది. కంప్రెసర్ లేచింది. ఆకుపచ్చ లైటు మిణకసాగింది.

నేను పెట్టుకున్న పద్ధతిలో డీబగర్ కలవగానే ముందుగా చిప్‌ను రీసెట్ చేస్తుంది, అంటే మొదటి నుంచి మొదలుపెట్టిస్తుంది. అది నాకు తెలియదు. నిద్రలో మాట్లాడుతున్నవాడి మాటలు విందామని వెళ్లి చెంప మీద కొట్టి లేపినట్టయింది. చిప్ ఎక్కడ ఆగిందన్న ఆధారం చెరిగిపోయింది.

వెనక నుంచి చప్పట్లు వినిపించాయి.

"చూసిన్రా! గా నాలుగు తీగలు పెట్టంగనే లేచి కూసున్నది! మానుకోటకు పోవుడెందుకే ఇగ?" సమ్మక్క అందరివైపు తిరిగి అంటోంది. "మా కొమురన్న ఉండంగ!"

ఆ మాట వినాలని రెండేళ్లుగా నా చెవులు కాచుకొని ఉన్నాయి. నేను దాన్ని కాదనలేదు. వాళ్లిచ్చిన చాయ్ తాగి వచ్చేశాను. దారి పొడవునా ఆ మాటే పాటలా వినిపించింది.

దుకాణంలో కూర్చొని మామూలుగా డైరీ తీశాను. 'కనెక్ట్ నొక్కగానే రీసెట్ అయింది. ఆధారం పోయింది. లోపం అలాగే ఉంది. సమ్మక్కకు చెప్పలేదు.' ఇన్నేళ్లలో డైరీలో అబద్ధం రాయలేదు కాబట్టి ఆ నాలుగు ముక్కలు రాశాను. మర్నాడు పొద్దున దుకాణం తెరిచి, కొత్త పేజీ కోసం తిప్పితే నాలుగో ముక్క కళ్లబడింది. ట్యాంకర్ వచ్చేలోగా ఆ లైటు మళ్లీ ఆగవచ్చు. చాలాసేపు ఫోను చేతిలో పట్టుకొని కూర్చొని, చివరికి ఓదెలుకు కలిపాను. ఉన్నదున్నట్టు చెప్పాను.

"కనెక్ట్ మోడ్ ఏది పెట్టినవే?" అన్నాడు.

"మోడ్ ఏంది?"

నవ్వుతున్నాడేమోనని చెవి రిక్కించాను. నవ్వలేదు. "రేపు పొద్దుగాల బండికి వస్త. లైటు ఆగితే ముట్టుకోకుండ్రి" అన్నాడు. అతను నవ్వి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

జనగామ స్టేషన్‌లో దిగిన మనిషిని స్కూటరు మీద ఎక్కించుకొని వెళ్లాను. లైటు ఆగేదాకా ఎదురుచూడాలి. ఆ ఊళ్లో సమ్మక్క తప్ప మిగతావాళ్లకు నేను మిషన్ సారును. ఓదెలు మాత్రం రెండు గంటల్లో అందరికీ అన్న అయిపోయాడు. బావుల ముచ్చట్లు చెప్పి నవ్వించాడు. ఒక ముసలవ్వ అతనికి మక్క గారెలు తెచ్చిచ్చింది. నాకూ ఇచ్చింది, కాని మొదట అతనికి ఇచ్చింది. ఇంత చిన్న సంగతి కూడా నా డైరీలో ఉంది.

పానెల్ తెరిచి చిప్ వైపు వంగి చూశాడు. దాని వీపు మీద పేరు ఉండాల్సిన చోట తెల్లటి గీతలున్నాయి.

"దీని పేరు గీకింది ఎవలన్నా?"

"నేనే."

"ఎందుకే?"

"నీ అసుంటోడు వస్తడని."

పకపకా నవ్వాడు. రిపేరు చేసేవాళ్లలో ఇదొక పాత అలవాటు. చిప్ పేరు గరుకు కాగితంతో రుద్దేస్తే ఇంకొకడు ఆ బోర్డు ముట్టుకోలేడు, గిరాకీ మన దగ్గరికే వస్తుంది. "నువ్వు పేరు గీకితే ఏమాయె" అన్నాడు ఓదెలు. "పిన్నుల నుంచి అడిగితే దాని పేరు అదే చెప్తది."

రెండో రోజు మధ్యాహ్నం రెండున్నరకు సమ్మక్క కేక వేసింది. లైటు ఆగింది. తొట్టి నిండా పాలున్నాయి. మర్నాడు ట్యాంకర్.

నేను చేతి స్విచ్ వేసి కంప్రెసర్ నడిపించాను. సమ్మక్క థర్మామీటర్ పట్టుకొని తొట్టి పక్కన నిలబడింది. ఓదెలు ముందుగా లాప్‌టాప్ చార్జర్ పీకేశాడు. పల్లెల్లో ఎర్తింగ్ నమ్మడానికి లేదు, బ్యాటరీ మీద ఉంటే తేడా కరెంటు బోర్డులోకి పోదు. మొదట గ్రౌండ్ తీగ తగిలించాడు. తర్వాత మిగతా మూడు. సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న పెట్టె తెరిచి 'హాట్ ప్లగ్' అన్నది ఎంచాడు. రీసెట్ చేయకుండా మెల్లగా వెళ్లి పక్కన కూర్చునే పద్ధతి అది. నా లాప్‌టాప్‌లోనూ అదే పెట్టె ఉంది. నేనెన్నడూ దాన్ని తెరిచి చూడలేదు.

నొక్కాడు. రిలే టక్ అనలేదు. లైటు ఆగే ఉంది.

చిప్‌ను నిలబెట్టి, ప్రోగ్రామ్ ఉన్న మెట్టు అంకె చదివాడు. ఒక్కో అడుగు ముందుకు నడిపించాడు. మూడు అడుగులు వేసి మళ్లీ మొదటి దగ్గరికే వస్తోంది. గానుగెద్దులా ఆ మూడు మెట్ల మీదే తిరుగుతోంది. చిప్ చెప్పిన పేరుతో దాని పుస్తకం ఫోన్లో తెరిచి, అది పదే పదే ఏం చదువుతోందో వెతికాడు.

"ఇది ఎవర్నో పిలుస్తాంది కొమురన్నా. వాడు లైన్ పట్టుకొని కూసున్నడు గని పలుకుతలేడు. వాడు ఇడిచిపెట్టేదాకా చూస్తనని ఇది మొండికేసింది." రెండు పిన్నుల నంబర్లు చెప్పాడు. "ఈ రెండు కాళ్లు బయట ఎక్కడికి పోతయ్?"

ఇది నా విద్య. ఆ బోర్డు మీది ప్రతి గీతా నా వేళ్లకు తెలుసు. "పాల సెన్సర్‌కు" అన్నాను. పాల వేడి కొలిచే ఆ సెన్సర్ రెండు తీగల మీద చిప్‌తో మాట్లాడుతుంది. మీటరు పెట్టాను. ఊరికే ఉన్నప్పుడు 3.3 వోల్టులుండాల్సిన డేటా తీగ 0.1 దగ్గర ఉంది. సెన్సరే దాన్ని కిందికి పట్టి ఉంచింది.

"మంచిగున్న సెన్సర్ ఎందుకు పడ్తదే గట్ల?" అంటూ ఓదెలు ఆ తీగ మీద వేలు పెట్టి వెంట వెళ్లాడు. బోర్డు నుంచి కిందికి, అక్కణ్ణుంచి జడలోకి. వేలు ఆగింది.

"ఈ సన్న తీగను మోటరు తీగలల్ల కలిపి అల్లింది ఎవలు?"

"మా కొమురన్ననే" అంది సమ్మక్క గర్వంగా. "ఎంత సక్కగ అల్లిండో సూడు!"

ఓదెలు నావైపు చూశాడు. నేను అతని పానెల్ చూసి అల్లానని అతనికి ఆ క్షణంలో అర్థమైంది. అతని పానెల్‌లో మోటారు తీగలే జడ. సెన్సర్ తీగ అవతలి పక్కన, వేరే గొట్టంలో ఒంటరిగా పోయి ఉంటుంది. నేను మెరిసేదాన్నే చూశాను, అది చూడలేదు. పాలు కలిపే మోటారు లేచినప్పుడల్లా దాని తీగల్లో ఒక కుదుపు పుడుతుంది. పక్కనే పెనవేసుకున్న సన్న తీగలోకి అది దూకితే, మాట మధ్యలో ఉన్న సెన్సర్ తికమకపడి లైను పట్టుకొని ఉండిపోతుంది. ఎండలు ముదిరి మోటారు మాటిమాటికీ లేవడంతో అది ఏప్రిల్‌లో బయటపడింది. చిప్ దిక్కుతోచకపోతే దానంతట అదే తిరిగి మొదలయ్యే ఏర్పాటును వాచ్‌డాగ్ అంటారు. ఈ బోర్డు చేసినవాళ్లు దాన్ని వాడలేదు.

"వైరు పాతబడ్డదమ్మా. కొత్తది ఏద్దాం" అన్నాడు ఓదెలు సమ్మక్కతో.

అప్పటిదాకా నాకు అతని విద్య మీదే అసూయ. ఆ మాటతో మనిషి మీద కూడా కలిగింది. అతని చోట నేనుంటే ఆ మాట అనేవాణ్ణి కాదు. పది మందిలో ఆ జడను వేలితో ఎత్తి చూపించేవాణ్ణి.

"ఊహ మీద పోవద్దు. ఖాయం చేసుకుందాం" అన్నాను. అదొక్కటే నాకు అలవాటైన మాట. బోర్డును మళ్లీ మొదలుపెట్టి, మోటారును ఆపుతూ వేస్తూ పోయాం. పదిహేడోసారి లైటు ఆగింది. జడ విప్పి, సన్న తీగ తీసేసి, పైన జాలీ తొడుగున్న కొత్త తీగను వేరే దారిన వేశాం. మళ్లీ మోటారు ఆపుతూ వేస్తూ పోయాం. సమ్మక్క లెక్కపెట్టింది. అరవైసార్లు అయ్యాయి. లైటు మిణుకుతూనే ఉంది.

"ఇగ దేవుని దయ" అంది ఆమె థర్మామీటర్ కింద పెట్టి. "పాడు వైరు! రెండు సార్లు పాలు పారబోపిచ్చింది."

"వైరు పాతబడలేదు సమ్మక్కా" అన్నాను. "నేను అల్లిన జడదే తప్పు. సంక్రాంతి నెలల అల్లిన. అంతకు ముందు ఆ మిషన్ ఎన్నడన్న ఆగిందా? నా డైరీల ఉన్నది, ఆగలే. మొన్న నేను నాలుగు తీగలు పెట్టిననాడు గూడ బాగుకాలే. బాగైందని నువ్వంటే నేను ఊకున్న."

ఆమె విప్పిన జడ వైపు చూసింది. ఓదెలు తీగలు చుట్టుకుంటూ తల వంచుకున్నాడు.

"ముప్పై ఎనిమిది ఇండ్లోళ్లకు నేను ముఖం ఎట్ల సూపెట్టిన్నో ఎరికేనా అన్నా నీకు?" అంది. "నిలబడి జడ సూపిచ్చిన అందర్కి. గా జడనే!"

అన్నం తిని పొమ్మని ఓదెలుతో అంది. నాతో కూడా అంది, కాని నా వైపు చూడకుండా అంది. సాయంత్రం బండికి ఓదెలును స్టేషన్‌లో దింపాను. ప్లాట్‌ఫారం మీద నిలబడి, హాట్ ప్లగ్ పెట్టె ఎక్కడుంటుందో, నిలబెట్టిన చిప్‌ను ఎలా అడుగులు వేయించాలో అడిగాను. రైలు వచ్చేలోపల చెప్పేశాడు. ఒక్క పూట కూడా పట్టలేదు.

మర్నాడు ట్యాంకర్ వచ్చే వేళకు నేను వెళ్లాను. పిలవలేదు, అయినా వెళ్లాను. ట్యాంకర్ మనిషి థర్మామీటర్ ముంచి, పైకెత్తి, ఎండలో తిప్పి చూశాడు. నాలుగు డిగ్రీలు. వాసన చూశాడు. పైపు తెచ్చి తొట్టికి తగిలించాడు. వరండాలో కూర్చున్న ఆడవాళ్లలో ఒకామె కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ కేంద్రం ఇవాళ్టికీ అదే ఊళ్లో ఉంది.

తర్వాత దుకాణం మూసేసేదాకా ఆ పిన్నులతో చాలా బోర్డులు చూశాను. ఈ పనిలో కొత్తగా దిగేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. ఆగిపోయిన చిప్‌ను ఆపి మళ్లీ వేయకండి. మీ చేతికి అలవాటైన ఆ మొదటి మందే జాడ చెరిపేస్తుంది. ముందు మెల్లగా కలవండి, ఎక్కడ నిలబడిందో అడగండి. అయితే పిన్నులు ఎక్కడ ఆగిందో చెబుతాయి, ఎందుకు ఆగిందో చెప్పవు. దానికి మనం కట్టిన తీగల వెంటే వెనక్కి నడవాలి. పక్కవాడి పని చూసి నేర్చుకునేటప్పుడు నచ్చినదానితో పాటు, అతను దేన్ని దేనికి దూరంగా ఉంచాడో కూడా చూడండి. అసూయ కళ్లకు ఆ దూరం కనిపించదు.

ఆ రోజు ట్యాంకర్ వెళ్లిపోయాక సమ్మక్క లోపలికి వెళ్లి పెయింటు పెన్ను తెచ్చింది. పానెల్ తలుపు లోపలి వైపు మెకానిక్ నంబరు రాసి ఉంచడం మా దగ్గర రివాజు. ఆ తలుపు మీద మొదటి నుంచీ నా నంబరు ఒక్కటే ఉంది.

"ఓదెలన్న నంబర్ రాయన్నా" అంది. "ఇగనుంచి మిషన్‌కు ఏమన్న అయితే ముందుగల్ల ఆయనకే చేస్త. ఆయన దూరమున్నడనుకో, నీకు చేస్త."

నేను నంబరు చూసుకోకుండానే రాశాను, అది నాకు నోటికి వచ్చు. నా నంబరు కింద, వరుస తప్పకుండా, ఒక్కో అంకె దిద్ది రాశాను. రాశాక వెనక్కి జరిగి చూస్తే అతని అంకెలు నా అంకెలకంటే కొద్దిగా చిన్నగా వచ్చాయి. తలుపు మీద స్థలం చాలకపోవడం వల్ల కాదు.